పాత బేరింగ్ రింగుతో టూల్ ఆఫ్‌సెట్లు పెట్టుకోవడం ఎలా

గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాదొక చిన్న షెడ్డు. సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన వీఎంసీ (కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ మెషిన్) ఒకటి, సీఎన్‌సీ లేత్ ఒకటి, మూలన మా నాయన కాలం నాటి సెంటర్ లేత్ ఒకటి. టూల్ కొన ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే నంబరే ఆఫ్‌సెట్. దాన్ని తనే కొలిచి పెట్టే టూల్ సెట్టర్ వీటిలో దేనికీ లేదు. వీఎంసీ బిగించడానికి వచ్చిన ఇంజనీరు "టూల్ ప్రోబ్ పెట్టించుకోండి సార్, ఇక మీకు టెన్షన్ ఉండదు" అని ఒక రేటు చెప్పాడు. ఆ రేటు విన్నాకే నాకు టెన్షన్ మొదలైంది.

మా పనంతా మామిడి సీజన్ చుట్టూ తిరుగుతుంది. మే నుంచి జులై దాకా చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ తోతాపురి ఆడిస్తుంటాయి. పల్పర్ షాఫ్ట్ స్లీవ్ అరిగిందనో, పంపు బుష్ పోయిందనో ఏ అర్ధరాత్రో ఫోన్ వస్తుంది, తెల్లారేసరికి పీస్ వాళ్ల చేతిలో పెట్టాలి. అక్కడ లారీల్లో కాయ మగ్గిపోతుంటే ఇక్కడ మనం ఆరు టూల్స్ సెట్ చేసుకుంటూ రెండు గంటలు కూర్చుంటే కుదరదు. అలా అని తొందరపడి టూల్‌ని జాబ్ (కోసే ముక్క) లోకి దించేస్తే కార్బైడ్ కట్టర్ పోతుంది, కొన్నిసార్లు స్పిండిల్ కూడా దెబ్బతింటుంది. ఈ రెండింటి మధ్యా నెట్టుకొస్తూ ఏళ్ల తరబడి అలవాటైన పద్ధతులే ఇక్కడ రాస్తున్నాను. బటన్ల పేర్లు ఫానుక్ కంట్రోల్‌వి. మీది వేరే కంట్రోల్ అయితే బటన్లు మారతాయి కానీ లెక్క మారదు.

ముందు ఆ లెక్క

జెడ్, అంటే పైకీ కిందికీ కదిలే దిశ, దాని ఆఫ్‌సెట్ పెట్టడానికి చాలామంది చేసేది ఏంటంటే, ప్రతి టూల్‌నీ జాబ్ పైముఖానికి కాగితం పెట్టి తాకించి, స్క్రీన్ మీద కనిపించే మెషిన్ జెడ్ నంబర్‌ని ఆ టూల్ హెచ్ (పొడవు) ఆఫ్‌సెట్‌లో వేసేస్తారు. తప్పేం లేదు, పని జరుగుతుంది. కానీ జాబ్ మారిన ప్రతిసారీ ఆరు టూల్సూ మళ్లీ తాకించాల్సిందే. పైగా జాబ్ ముఖం ఒకసారి మిల్లింగ్ అయిపోయాక మధ్యలో కట్టర్ విరిగితే, కొత్త కట్టర్‌ని తాకించడానికి పాత ముఖం ఉండదు. అప్పుడు తల పట్టుకోవాలి.

అందుకని టూల్స్‌ని జాబ్‌కి తాకించకండి. మెషిన్ మీద ఎప్పుడూ కదలని ఒక చోటు చూసుకుని అన్ని టూల్సూ అక్కడే తాకించండి. ఆ వచ్చిన నంబర్లే హెచ్1, హెచ్2, హెచ్3. జాబ్ ఎంత ఎత్తులో ఉందనేది జీ54 (జాబ్ జీరో ఎక్కడుందో చెప్పే ఆఫ్‌సెట్) జెడ్‌లో వేసే ఒక్క నంబరు. జాబ్ మారితే ఆ ఒక్కటే మారుతుంది, టూల్స్ జోలికి పోనక్కర్లేదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. తాకించే వస్తువు మందం మీకు సరిగ్గా తెలియకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ తప్పు అన్ని టూల్స్‌లోనూ ఒకేలా ఉంటుంది, జీ54 పెట్టేటప్పుడు మొత్తం కొట్టుకుపోతుంది. మానిక కాస్త సొట్టబోయినా అన్నదమ్ములిద్దరికీ అదే మానికతో కొలిస్తే పంపకంలో తేడా రాదు కదా, అట్లాగే. ఒకరికి మానికతో, ఇంకొకరికి డబ్బాతో కొలిస్తేనే గొడవ.

రింగు తయారీ

టూ వీలర్ మెకానిక్ దగ్గరికో మోటారు రివైండింగ్ షాపుకో వెళ్లి పాడైన 6204 బేరింగ్ ఒకటి అడగండి. ఊరికే ఇస్తారు, మహా అయితే ఒక టీ ఖర్చు. కేజ్ రివెట్లు తీసేసి గోళీలన్నీ ఒక పక్కకి నెడితే లోపలి రింగు బయటికొస్తుంది. మనకి కావాల్సింది బయటి రింగు, 47 మి.మీ. వ్యాసం, 14 మి.మీ. వెడల్పు ఉంటుంది. బేరింగ్ రింగు రెండు ముఖాలూ ఫ్యాక్టరీలోనే గ్రైండ్ అయి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి, గట్టిదనం కూడా 60 హెచ్‌ఆర్‌సీ చుట్టుపక్కల ఉంటుంది. ఇలాంటి ముక్క మనం కొత్తగా చేయించాలంటే హీట్ ట్రీట్‌మెంట్‌కి ఒకచోటికి, గ్రైండింగ్‌కి ఇంకోచోటికి తిరగాలి.

డీజిల్‌తో కడిగి, అంచుల్ని ఆయిల్ స్టోన్ మీద మెల్లగా రుద్ది, మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలవండి. నాలుగు రీడింగుల మధ్య తేడా 5 మైక్రాన్ల లోపు ఉంటే ఉంచుకోండి, ఎక్కువుంటే పారేసి ఇంకోటి తెచ్చుకోండి. 14 అని రాసి ఉంది కదా అని 14.000 అనుకోవద్దు. బేరింగ్ వెడల్పుకి 0.12 మి.మీ. దాకా తక్కువ ఉండే వెసులుబాటు ఉంటుంది. నా రింగు 13.96. ఆ నంబర్ని రింగు పక్కన మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను. పైన చెప్పిన పద్ధతిలో ఈ నంబరు అవసరం రాదు గానీ, ఎప్పుడైనా నేరుగా జాబ్ మీద పెట్టి తాకించాల్సి వస్తే అక్కరకొస్తుంది.

రింగు దొరక్కపోతే 10 మి.మీ. డోవెల్ పిన్ వాడండి. ఎం6 టాలరెన్స్ పిన్ అయితే 10.006 నుంచి 10.015 మధ్య ఉంటుంది. అదీ లేకపోతే విరిగిపోయిన కార్బైడ్ ఎండ్‌మిల్ షాంక్ ఉంటుంది, అది హెచ్6 టాలరెన్స్, అంటే 10 మి.మీ. షాంక్ 9.991కి తగ్గదు, 10.000 దాటదు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. పొద్దున రింగు, సాయంత్రం పిన్ను అంటే మళ్లీ మానికా డబ్బా కథే.

తాకించడం

1. రింగుకి చోటు చూసుకోండి. టేబుల్ మీద పెడితే పొట్టి టూల్స్ కిందిదాకా రాకపోవచ్చు, జెడ్ ట్రావెల్ అయిపోతుంది. నేను వైస్ ఫిక్స్‌డ్ జా పైముఖం మీద పెడతాను. చిప్స్ తుడిచి, చేత్తో ఒకసారి రుద్ది చూడండి. వేలికి తగిలే బర్ర్ (కోతలో లేచిన పదునైన అంచు) ఒక్కటున్నా రింగు లేచి కూర్చుంటుంది.

2. స్పిండిల్ ఆపి, టూల్‌ని రింగు పక్కకి, అంటే రింగు మీదికి కాదు, పక్కకి తెచ్చి, హ్యాండ్ వీల్‌తో కిందికి దించండి. టూల్ కొన రింగు పైముఖం కంటే అర మి.మీ. కిందికి రావాలి.

3. ఇప్పుడు రింగుని వేలితో టూల్ వైపు నెట్టండి. రింగు టూల్ కింద దూరదు, టూల్ అడ్డం పడుతుంది. అది సరే.

4. హ్యాండ్ వీల్‌ని ×10లో పెట్టి, అంటే ఒక క్లిక్‌కి 0.01 మి.మీ., పైకి తిప్పుతూ ప్రతి క్లిక్‌కీ రింగుని మెల్లగా నెట్టి చూడండి. ఏ క్లిక్ దగ్గర రింగు ఒరుసుకుంటూ కిందికి దూరుతుందో అక్కడ ఆగండి. చేయి నిలకడగా ఉంటే ×1లో ఇంకా సన్నగా చూడొచ్చు, కానీ మొదట్లో అంత అవసరం లేదు.

5. మెషిన్ జెడ్ నంబర్ చదవండి. ఉదాహరణకి −398.330. ఆఫ్‌సెట్ పేజీలో హెచ్1 దగ్గర అదే వేయండి.

ఇందులో ప్రాణమంతా నాలుగో మెట్టులో ఉంది. టూల్ పైకే వస్తుంది, కిందికి దిగదు. రింగు మీదికి టూల్‌ని దించుతూ 'ఇంకొక్క క్లిక్, ఇంకొక్క క్లిక్' అని పోయేవాళ్లని చూశాను. 60 హెచ్‌ఆర్‌సీ రింగు మీద కార్బైడ్ కొన ఆనితే టక్కున చిన్న పెచ్చు లేస్తుంది, కంటికి కనపడదు, జాబ్ మీద గీతల్లో కనపడుతుంది. పైకి వస్తూ తీసుకుంటే ఇంకో మేలు ఏంటంటే, పాత మెషిన్‌లో బ్యాక్‌లాష్ (స్క్రూలో వదులు) ఎంతున్నా ప్రతి టూల్‌కీ ఒకే వైపు నుంచి వస్తున్నాం కాబట్టి అదీ అందరికీ సమానమే. చేయి దాటిపోయి రెండు క్లిక్‌లు పైకెళ్లిపోతే అక్కణ్నుంచి కిందికి సర్దొద్దు, మళ్లీ అర మి.మీ. దించి మొదట్నుంచి రండి.

ఎండ్‌మిల్ అయితే స్పిండిల్‌ని చేత్తో కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుతూ, పన్ను రింగుకి ఎదురుగా ఉండేలా చూసుకోవాలి, లేకపోతే రెండు పళ్ల మధ్య ఖాళీలోంచి రింగు దూరిపోయి తప్పు నంబర్ ఇస్తుంది. ఫేస్‌మిల్‌లో అన్ని ఇన్సర్ట్లూ (బిగించి మార్చుకునే కార్బైడ్ ముక్కలు) ఒకే ఎత్తులో ఉండవు, నాలుగింటినీ చూసి అన్నిటికంటే కిందికి దిగిన ఇన్సర్ట్‌నే లెక్కలోకి తీసుకోండి. డ్రిల్‌కి కొన తాకితే చాలు, డ్రిల్‌లో 10 మైక్రాన్ల కోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక జాబ్ ఎత్తు. ఏదో ఒక టూల్‌ని, హెచ్1నే అనుకుందాం, జాబ్ పైముఖానికి తాకించండి. మెషిన్ జెడ్ −301.930 వచ్చిందనుకోండి. దాంట్లోంచి హెచ్1ని తీసేయాలి. −301.930 లోంచి −398.330 తీసేస్తే ప్లస్ 96.400. అదే జీ54 జెడ్. అంటే మీ జాబ్ ముఖం రింగు పైముఖం కంటే 96.4 మి.మీ. పైనుందని అర్థం. జాబ్ రింగు కంటే కిందుంటే మైనస్ వస్తుంది. గుర్తు తప్పితే టూల్ జాబ్‌ని దాటి వైస్‌లోకి దిగుతుంది, అందుకని నంబర్ వేశాక జాబ్ వైపు ఒకసారి కంటితో చూసి, 'ఇది నిజంగా అంత పైనుందా' అని అడగండి. స్కేలు పెట్టి చూసినా తప్పులేదు.

జాబ్‌కి తాకించేటప్పుడు కాగితం

జాబ్ ముఖం మెత్తగా ఉంటుంది, దాని మీద రింగు జరపాల్సిన పనిలేదు, కాగితం చాలు. కాకపోతే ఏ కాగితమో తెలిసుండాలి. జిరాక్స్ షాపు ఏ4 కాగితం 0.1 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. నేను మాత్రం గోడకి వేలాడే రోజు క్యాలెండర్ చీటీ వాడతాను, చింపేసిన పాత తారీఖులు డబ్బాలో వేసి పెట్టుకుంటాను. పలచన, మా ఇంట్లో ఎప్పుడూ అయిపోదు. ఒక్క చీటీ మందం కొలిస్తే నమ్మకం రాదు కాబట్టి పది చీటీలు కలిపి మైక్రోమీటర్‌లో పట్టి పదితో భాగించండి. నూనె పీల్చుకున్న కాగితం మందం మారుతుంది, పొడి కాగితమే వాడండి.

స్పిండిల్ ఆపేసి, కాగితాన్ని వేలితో ముందుకీ వెనక్కీ లాగుతూ, హ్యాండ్ వీల్ ఒక్కో క్లిక్ దించండి. కాగితం పట్టుకుంది అనిపించగానే ఆగండి. పట్టుకుంటే కదలాలి, కానీ లాగితే ఒరుసుకోవాలి. చిరిగితే ఎక్కువ దించినట్టు. జీ54లో కాగితం మందం తీసేయడం మర్చిపోవద్దు.

కొందరు స్పిండిల్ తిరుగుతుండగా కాగితం పెట్టి తాకిస్తారు. చేత్తో పట్టుకుని మాత్రం అస్సలు చేయొద్దు. తిరిగే టూల్‌తో చూడాలనిపిస్తే కాగితం బదులు జాబ్ మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక అంగుళం గీత గీయండి, టూల్‌ని నెమ్మదిగా తిప్పుతూ 0.01 చొప్పున దించితే సిరా చెరిగిన క్షణం తెలిసిపోతుంది. సిరా మందం కొన్ని మైక్రాన్లే, లెక్కలోకి రాదు. ముఖం తర్వాత ఫినిష్ అయ్యేదైతే నాకు ఇదే ఇష్టం.

బీప్ పద్ధతి, నేను తిన్న దెబ్బ

మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి ఒక వైరు టూల్‌కి, ఒకటి జాబ్‌కి తగిలిస్తే, టూల్ ఆనగానే బీప్ వస్తుందని అనుకుంటారు. రాదు. అంటే, ముందునుంచే వస్తూ ఉంటుంది, ఎందుకంటే టూల్, స్పిండిల్, మెషిన్ బాడీ, టేబుల్, జాబ్ అన్నీ ఇనుమే, కరెంటు ఆ దారిలో తిరిగొచ్చేస్తుంది. మధ్యలో తెగ్గొట్టేది ఏదో ఉండాలి.

అందుకు ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఒకవైపు రాగి పూసిన పీసీబీ బోర్డు ముక్క చాలు. మామూలుగా 1.6 మి.మీ. మందం. అరచేతిలో సగం ముక్క కోసుకుని, రాగి పైకి ఉండేలా జాబ్ మీద పెట్టి, రాగికి ఒక వైరు సోల్డర్ చేసి, రెండో వైరుకి క్రొకొడైల్ క్లిప్ పెట్టి టూల్ షాంక్‌కి తగిలించండి. రెండువైపులా రాగి ఉన్న బోర్డు తెచ్చుకున్నా కింది రాగి పైదానికి కలవదు కాబట్టి పనిచేస్తుంది, కానీ అంచు కోసేటప్పుడు రాగి బర్ర్ రెండు వైపులకీ అంటుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు మందం మైక్రోమీటర్‌తో కొలిచి ముక్క మీదే రాసేయండి. రాగి మెత్తన కాబట్టి సన్న ఎండ్‌మిల్స్‌కి, 1 మి.మీ., 2 మి.మీ. వాటికి, రింగు కంటే ఇది భద్రం. మీటర్ బదులు పెద్ద బ్యాటరీ, బల్బు లాంటివి కట్టొద్దు, రాగి ఎక్కడైనా జాబ్‌కి కలిస్తే స్పిండిల్ బేరింగుల్లోంచి కరెంటు పోతుంది, అది మంచిది కాదు. మీటర్‌లో పోయేది లెక్కలోకి రానంత.

ఇప్పుడు దెబ్బ. ఒకసారి సీజన్‌లో, రాత్రి రెండింటికి, టూల్ సెట్ అయిపోయింది, క్లిప్ తీయలేదు. సైకిల్ స్టార్ట్ నొక్కాను. ఆ రోజుల్లో డోర్ స్విచ్‌ని బైపాస్ చేసి పెట్టుకున్నాం, మనలాంటి షెడ్లలో చాలామంది చేసే పనే. స్పిండిల్ తిరగ్గానే వైరు చుట్టుకుని మీటర్ గాల్లోకి లేచి నా పక్కనే ఉన్న కంట్రోల్ ప్యానెల్‌కి కొట్టుకుంది. మా హెల్పర్ పిల్లోడు "ఏం నా, బాంబా" అన్నాడు. నవ్వాం గానీ అది ముఖానికి తగలాల్సింది.

మర్నాడే డోర్ స్విచ్ మళ్లీ కలిపేశాం. వైరుని పొట్టిగా కత్తిరించి, మీటర్‌ని మెషిన్ బయట హుక్‌కి తగిలించాం. క్లిప్ టూల్‌కి ఉన్నంతసేపూ వైరు తలుపుకి అడ్డంగా ఉంటుంది, తలుపు మూయలేం, తలుపు మూయకపోతే స్పిండిల్ తిరగదు. మీరు ఈ పద్ధతి చేస్తే ఇలాగే చేయండి.

మాధవమాల వైపు కొయ్య పని చేసేవాళ్లు ఇప్పుడు చిన్న సీఎన్‌సీ రూటర్లు కూడా పెట్టుకుంటున్నారు, తలుపుల మీద స్వామివారి రూపాలు చెక్కడానికి. వాటిలో జీఆర్‌బీఎల్ (రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే ఆర్డుయినో ఊనో బోర్డు ఉంటే ఈ పీసీబీ ముక్కే ప్రోబ్. ఏ5 పిన్నుకి ఒక వైరు, గ్రౌండ్‌కి ఒకటి. జీ38.2 జెడ్−20 ఎఫ్50 ఇస్తే దానంతట అదే దిగి తాకగానే ఆగుతుంది, తర్వాత జీ10 ఎల్20 పీ1 జెడ్1.6 ఇస్తే కొయ్య ముఖం జీరో అయిపోతుంది. 1.6 చోట మీ ముక్క అసలు మందం వేయండి. దింపే ముందు క్లిప్‌ని చేత్తో రాగికి తాకించి సిగ్నల్ వస్తోందో లేదో చూసుకోవడం మర్చిపోతే బిట్టు బోర్డుని చీల్చుకుని కొయ్యలోకి పోతుంది.

ఎక్స్, వై మాటేంటి

జాబ్ అంచు పట్టిచ్చే ఎడ్జ్ ఫైండర్ కొనడమే మేలు, అంత ఖరీదేం కాదు. లేని రోజున పాత ఎండ్‌మిల్ షాంక్‌ని కొలెట్‌లో తలకిందులుగా బిగించి, జాబ్ పక్కకి తెచ్చి, మధ్యలో క్యాలెండర్ చీటీ పెట్టి తాకించి, షాంక్ వ్యాసంలో సగమూ చీటీ మందమూ కలిపి లెక్క వేసుకోండి. 0.02 లోపు వచ్చేస్తుంది. రంధ్రం సెంటర్ కావాలంటే మాత్రం స్పిండిల్‌కి లివర్ డయల్ బిగించి తిప్పడం తప్ప అడ్డదారి లేదు.

లేత్‌లో

లేత్‌కి ఇంత హంగామా అక్కర్లేదు, ఎందుకంటే లేత్ తనే కొలత ముక్కని తయారుచేసుకుంటుంది. చక్‌లో ఏదైనా రాడ్ పట్టి, ఓడీ (బయటి వ్యాసం) టూల్‌తో 10 మి.మీ. పొడవు సన్నగా కోసి, ఎక్స్ కదపకుండా జెడ్‌లో బయటికి తీసి, స్పిండిల్ ఆపి, మైక్రోమీటర్‌తో కొలవండి. 29.64 వస్తే జామెట్రీ ఆఫ్‌సెట్‌లో ఆ టూల్ దగ్గర ఎక్స్29.64 అని కొట్టి 'మెజర్' నొక్కాలి. ముఖం కోసి, ఈసారి జెడ్ కదపకుండా ఎక్స్‌లో బయటికొచ్చి జెడ్0. 'మెజర్'. చుక్క మర్చిపోవద్దు. చాలా ఫానుక్ మెషిన్లలో చుక్క లేకుండా 10 అని కొడితే అది 10 మి.మీ. కాదు, 0.010.

రెండో టూల్ నుంచి మళ్లీ కోయొద్దు, అదే ఓడీకీ అదే ముఖానికీ కాగితంతో తాకించండి. ఎక్స్‌లో కాగితం మందాన్ని రెండింతలు చేసి కలపాలి, అక్కడ కొలత వ్యాసం కదా. ఇక్కడ సగం మంది తప్పు చేస్తారు. చూడీల (థ్రెడ్ల) టూల్‌కి జెడ్ ఎంతో కచ్చితంగా అక్కర్లేదు, కొనని ముఖానికి కంటితో సరిపెడితే చాలు, ఎందుకంటే ఎలాగూ మెట్టు ముందునుంచి గాల్లోనే మొదలుపెడతాం. పార్టింగ్ టూల్‌కి మాత్రం ప్రోగ్రాంలో కుడి మూలని లెక్కేశారా ఎడమ మూలనా అని చూసి ఆ మూలనే తాకించండి. బ్లేడు వెడల్పు 3 మి.మీ. అయితే తప్పు కూడా 3 మి.మీ. అవుతుంది.

సెంటర్ హైట్ కోసం పాత స్టీల్ స్కేలు ఉపాయం చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని కుర్రాళ్ల కోసం చెప్తున్నాను. సెంటర్ లేత్‌లో గుండ్రటి రాడ్‌కీ టూల్ కొనకీ మధ్య సన్న స్టీల్ స్కేలు పెట్టి క్రాస్ స్లైడ్‌తో మెల్లగా నొక్కండి. స్కేలు నిటారుగా నిలబడితే టూల్ సెంటర్‌లో ఉంది. స్కేలు పైకొన మీ వైపు వాలితే టూల్ కిందుంది, అవతలికి వాలితే పైనుంది. కిందుంటే ప్యాకింగ్ వేయాలి. హ్యాక్‌సా బ్లేడు ముక్క 0.65 దాకా ఇస్తుంది, గడ్డం గీసుకునే బ్లేడు 0.1, కూల్‌డ్రింక్ డబ్బా రేకు కూడా ఇంచుమించు 0.1. కత్తిరించినవన్నీ కొలిచి ఒక తాడుకి కట్టి పెట్టుకోండి.

ఇన్సర్ట్ మూల తిప్పినప్పుడు 'అదే ఇన్సర్ట్ కదా' అని అలాగే నడిపేయకండి. సీఎన్ఎంజీ లాంటి ఎం క్లాస్ ఇన్సర్ట్‌లో కొన స్థానం మారడానికి 0.1 మి.మీ. పైచిలుకు కూడా టాలరెన్స్ లోపలే వస్తుంది. వేర్‌లో (చిన్న సవరణలు వేసే ఆఫ్‌సెట్ పేజీ) ఓడీకి ఒక 0.2 ప్లస్ వేసి, ఒక కోత కోసి, కొలిచి, సరిచేసి అప్పుడు ఫినిష్ చేయండి.

మెషిన్ నడుస్తుండగా పక్కన టూల్ కొలవడం

ఇది మాకు బాగా కలిసొచ్చిన పని. మెషిన్ ఒక జాబ్ కోస్తుంటే పక్కన కొత్త కట్టర్‌ని కొలిచి పెట్టుకోవచ్చు. కుప్పం, చిత్తూరు వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర పాలిష్ పలకల ముక్కలు గుట్టలుగా పడుంటాయి, రెండడుగుల ముక్క ఒకటి తెచ్చుకున్నాం. అది సర్ఫేస్ ప్లేట్ కాదు, మెరుస్తోంది కదా అని సమతలం అనుకోవద్దు, డయల్ పెట్టి లాగి చూస్తే మా ముక్క ఆ కొస నుంచి ఈ కొసకి 0.15 తేడా చూపించింది. అయినా పనికొస్తుంది, ఎలాగంటే చూడండి. టూల్‌ని స్పిండిల్‌లో పట్టి ఉంచే బీటీ40 హోల్డర్ కూర్చునేలా 7/24 టేపర్‌తో, నోటి దగ్గర 44.45 మి.మీ. వ్యాసంతో ఒక దిమ్మ మా లేత్ మీదే చేసుకున్నాం. దాన్ని పలక మీద ఎపాక్సీతో అతికించేశాం. హైట్ గేజ్ నిలబడే చోటు చుట్టూ పెయింట్‌తో గీత గీశాం. హోల్డర్ ఎప్పుడూ అక్కడే, గేజ్ ఎప్పుడూ ఇక్కడే, కాబట్టి పలక వంకర అన్ని టూల్స్‌కీ ఒకటే.

మెషిన్‌లో రింగుతో సరిగ్గా సెట్ చేసిన ఒక టూల్‌ని మాస్టర్‌గా పెట్టుకోండి. దాన్ని దిమ్మలో కూర్చోబెట్టి హైట్ గేజ్ జీరో చేయండి. కొత్త టూల్ పెడితే గేజ్ ప్లస్ 12.35 చూపిస్తే ఆ టూల్ మాస్టర్ కంటే 12.35 పొడుగు, అంటే దాని హెచ్ మాస్టర్ హెచ్ కంటే 12.35 పైనుండాలి. మాస్టర్ −398.330 అయితే కొత్తది −385.980. హోల్డర్ టేపర్‌నీ దిమ్మనీ తుడవకుండా పెడితే ఈ లెక్కంతా వృథా. 0.02 దాకా నమ్మొచ్చు, రఫింగ్ కట్టర్లకీ డ్రిల్స్‌కీ చాలు, ఫినిష్ కట్టర్‌ని మాత్రం నేను ఇప్పటికీ రింగు మీదే చూస్తాను.

ఎండ సంగతి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రేకుల షెడ్డులో స్పిండిల్ పెరగదా. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి 11, 12 మైక్రాన్లు పెరుగుతుంది. 100 మి.మీ. టూల్ 10 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 12 మైక్రాన్ల లోపే. కానీ టూల్ ఒక్కటే కాదు, స్పిండిల్, హెడ్ మొత్తం పెరుగుతుంది, అది దీనికి ఎన్నో రెట్లు. పొద్దున ఏడింటికి చల్లటి మెషిన్ మీద సెట్ చేసిన జెడ్‌ని మధ్యాహ్నం రెండింటికి అదే రింగు మీద తాకించి చూస్తే మా మెషిన్‌లో 0.04 తేడా కనిపించింది. కాబట్టి స్పిండిల్‌ని 20 నిమిషాలు ఊరికే తిప్పి, ఆ తర్వాతే సెట్ చేయండి. మధ్యాహ్నం ఒక్క టూల్‌ని రింగు మీద మళ్లీ చూసి, తేడా వస్తే జీ54 జెడ్‌లో ఆ తేడా ఒక్కటి కలిపితే అన్ని టూల్సూ సర్దుకుంటాయి.

కోసే ముందు, కోసిన తర్వాత

ఆఫ్‌సెట్లన్నీ వేశాక వెంటనే ప్రోగ్రాం తిప్పొద్దు. ఎండీఐలో (ఒక్కో కమాండ్ చేత్తో కొట్టే మోడ్) జీ54 ఇచ్చి, జాబ్ మీదికి ఎక్స్ వై తెచ్చి, ర్యాపిడ్ 25 శాతంలో, సింగిల్ బ్లాక్‌లో, జీ43 హెచ్1 జెడ్50. అని ఇవ్వండి. వేలు ఫీడ్ హోల్డ్ మీదే ఉండాలి. ఆగాక టూల్ కొనకీ జాబ్‌కీ మధ్య స్కేలు పెట్టి చూడండి, 50 ఉండాలి. 36 ఉంటే ఎక్కడో రింగు మందం రెండుసార్లు లెక్కేశారు. ప్రతి టూల్‌కీ ఇలాగే. నిమిషం పట్టదు.

మొదటి పీస్ కొలిచాక వచ్చే చిన్న తేడాలు జామెట్రీలో వేయొద్దు, వేర్‌లో వేయండి. అక్కడ రెండు బటన్లు ఉంటాయి. 'ఇన్‌పుట్' కొడితే పాత నంబర్ పోయి కొత్తది కూర్చుంటుంది. 'ప్లస్ ఇన్‌పుట్' కొడితే పాతదానికి కొత్తది కలుస్తుంది. పోయిన సీజన్‌లో మా కుర్రాడు ఎస్ఎస్ స్లీవులు కోస్తూ, ఓడీ వేర్‌లో ప్లస్ 0.08 ఉండగా, ఇంకో 0.03 తగ్గించాలని −0.03 కొట్టి 'ఇన్‌పుట్' నొక్కాడు. 0.05 కావాల్సిన చోట మైనస్ 0.03 అయింది, ఓడీ కావాల్సినదానికంటే 0.08 తగ్గిపోయింది. చూసుకునేలోపు ఏడు పీసులు అయిపోయాయి. ఆ ఏడింటిలో ఒకటి ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌కి తాడుతో వేలాడుతోంది, వాడే కట్టాడు.

ఆఫ్‌సెట్ నంబర్లన్నీ వారానికొకసారి నోట్‌బుక్‌లో రాయండి, లేదా స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఫానుక్‌లో అవి మెమరీ బ్యాటరీ మీద బతుకుతాయి. బ్యాటరీ లో అని స్క్రీన్ మీద మెరుస్తుంటే సీజన్ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే కొత్తది తెచ్చి, మెషిన్ ఆన్‌లో ఉంచే మార్చండి.